సున్నా శాతం

మేష్టారి దగ్గర 190 క్యాసెట్లు ఉండేవి. అన్నీ తొంభై నిమిషాలవే. 1984లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళ పాటు సైకిలు మీద ఉద్దానం ఊళ్ళన్నీ తిరిగి పట్టుకొచ్చిన పాటలు. ఊడుపుల్లో ఆడవాళ్ళు పాడుకునేవి, రోకటి పాటలు, జముకుల కథలు, తప్పెటగుళ్ళు. బళ్ళో మాకు ఛందస్సు చెప్పి, సాయంత్రం ఆఖరి గంట కొట్టగానే హ్యాండిల్‌కి సంచీ తగిలించుకుని మందస వైపో, సోంపేట వైపో వెళ్ళిపోయేవారు. సంచీలో టేపు రికార్డరు, విడిగా కాగితంలో చుట్టిన బ్యాటరీ సెల్లులు.

మొదటి క్యాసెట్టు మొదటి వైపు వాళ్ళమ్మగారిది. తిరగలి తిప్పుతూ పాడారు. నేను చాలాసార్లు విన్నాను. పాట కన్నా ముందు రాయి తిరిగే గరగర వినిపిస్తుంది. మధ్యలో ఎక్కడో దూడ అరుస్తుంది. ఆవిడ పాట ఆపి, దాన్ని కట్టెయ్యండర్రా అని కేకేసి, మళ్ళీ ఆపిన మాట దగ్గరే అందుకుంటారు. ఆ కేక దగ్గరికొచ్చేసరికి మేష్టారు ప్రతిసారీ కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకూలాయి. మేష్టారింటి పెంకులు లేచిపోయి అటక మీది ట్రంకుపెట్టెలోకి నీళ్ళు దిగాయి. నేను హైదరాబాదు నుంచి వెళ్ళేసరికి మేష్టారి భార్య, మాకు అమ్మగారు, వసారాలో చాప పరిచి, వడియాలు ఎండబెట్టినట్టు క్యాసెట్లు ఎండబెడుతున్నారు. కొన్నిటి గాజు కిటికీలోంచి తెల్లటి బూజు కనిపిస్తోంది.

"వీటికేదైనా దారి చూడరా" అన్నారు మేష్టారు. నా జన్మలో ఆయన నన్ను అడిగిన సాయం అదొక్కటే.

సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. వందల డిస్కుల బాగోగులు రోజూ చూస్తాను. 2019 మార్చిలో ఒక చిన్న కంప్యూటరు కొని, ఉబుంటు వేసి, అందులో రెండు ఎస్సెస్డీలు బిగించాను. ఒక్కోటి ఒక టీబీ. మొదటిది పనికి, రెండోది బ్యాకప్‌కి. ఒకటి చాలదని నాకు తెలుసు. గూగుల్ వాళ్ళు లక్షకు పైగా హార్డుడిస్కుల్ని గమనించి 2007లో ఒక పరిశోధన పత్రం వేశారు. చెడిపోయిన డిస్కుల్లో మూడో వంతుకు పైగా ముందుగా ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయని అందులో తేల్చారు. అవి తిరిగే పళ్ళేలున్న డిస్కులు. ఎస్సెస్డీలో తిరిగేదేమీ లేకపోయినా చెప్పకుండా పోయే గుణం దీనికీ ఉంది. అందుకే రెండోది. ఖర్చు ఎక్కువైందని మేష్టారు నొచ్చుకుంటే, "ఇదేనండీ అసలు పెట్టె, మొదటిది చేతిసంచీ" అన్నాను.

మార్చి 9, శనివారం. మధ్యాహ్నం రెండో డిస్కుని ఫార్మాట్ చేసి, కంప్యూటరు లేచినప్పుడల్లా అది తనంతట తానే అతుక్కునేలా ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో ఒక వరస రాశాను. ఆ వరస చివర 'నోఫెయిల్' అని చేర్చాను. రేపెప్పుడైనా ఆ రెండోది పాడైనా మేష్టారి కంప్యూటరు తెరుచుకోకుండా మొండికెయ్యకూడదు. ఆయన పాట ఆగకూడదు. అంతవరకూ బాగానే ఉంది. ఇంతలో కరెంటు పోయింది. వచ్చాక, మధ్యలో ఏమైనా చెడిందేమోనన్న అనుమానంతో డిస్కుని శుభ్రంగా మళ్ళీ ఫార్మాట్ చేశాను. బ్యాకప్ స్క్రిప్టు నడిపించాను. బ్యాకప్ ఫోల్డరు తెరిచి చూస్తే ఫైలు వచ్చి కూర్చుంది. రోజూ రాత్రి రెండింటికి పాటలన్నిటినీ ఒక పెద్ద మూటగా కట్టి అక్కడ పెట్టాలి, కొత్త మూట పూర్తయ్యాకే పాతదాన్ని తీసెయ్యాలి. అలా రాసిపెట్టి, కంప్యూటరు రాత్రిళ్ళు ఆపొద్దని మేష్టారికి చెప్పి బయల్దేరాను.

బయల్దేరే ముందు, ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన అడిగారు, ఈ డిస్కు ఎలా పనిచేస్తుందిరా అని.

"పలక లాంటిదండీ" అన్నాను. "కాకపోతే ఒక్క అక్షరం తుడవడం దీనికి చేతకాదు. తుడిస్తే పలకంతా తుడవాలి." తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా అనే జపాను ఇంజినీరు 1980లలో దీన్ని కనిపెట్టారు. ఒక్క దెబ్బకి అంతా చెరిగిపోవడం కెమెరా ఫ్లాష్ వెలిగినట్టుందని ఆయన సహోద్యోగి ఒకరు అనడంతో 'ఫ్లాష్' అన్న పేరు వచ్చింది. లోపల కోటానుకోట్ల బుల్లి గదులు, ఒక్కో గదిలో కాసిని ఎలక్ట్రాన్లు. తుడిచినప్పుడల్లా ఆ గది గోడ కాస్త అరుగుతుంది. ఒక గదిలో ఒకే బిట్టు దాచే పాతకాలం రకం లక్షసార్ల దాకా తట్టుకునేది. చవగ్గా ఎక్కువ చోటు కావాలని ఒకే గదిలో నాలుగు బిట్లు కుక్కే రకానికి వెయ్యిసార్లు గగనం. మేష్టారికి నేను కొన్నవి ఆ రకానివే. కంపెనీ వాళ్ళు 200 టీబీ రాసేదాకా పూచీ అన్నారు.

"ఎంత అరిగిందో తెలుస్తుందా?" అన్నారు.

తెలుస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన పని అదే. బ్రూస్ ఆలెన్ అనే భౌతికశాస్త్రవేత్త 2002లో మొదలుపెట్టిన స్మార్ట్‌మోన్‌టూల్స్ అనే ఉచిత సరంజామా ఉంది. అందులోని స్మార్ట్‌సీటీఎల్ ఆదేశం ఇస్తే డిస్కు తన ఆరోగ్యం తానే చెబుతుంది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో పాతిక వరసలు. మొట్టమొదట 'పాస్డ్' అని పడుతుంది. చాలామంది అది చూసి తెర మూసేస్తారు. ఆ ఒక్క మాట చూసి తృప్తిపడకూడదని నా దగ్గరికొచ్చే కొత్త పిల్లలందరికీ చెబుతాను. కింద ఉన్నవి చదవాలి. క్రిటికల్ వార్నింగ్ సున్నా ఉందా? అవైలబుల్ స్పేర్, అంటే పాడైన గదుల బదులు వాడుకోవడానికి దాచిన అదనపు గదులు, నూటికి నూరూ ఉన్నాయా? పర్సెంటేజ్ యూజ్డ్, అంటే అరుగుదల, ఎంత? మీడియా ఎర్రర్లు పడ్డాయా? వేడి ఎంత? అరుగుదల శాతం నూరు దాటినా డిస్కు ఆ క్షణానే చావదు, లెక్క 255 దాకా నడుస్తుంది. కానీ నూరు దాటించడం నులకమంచం మీద ఏనుగుని కూర్చోబెట్టడమే.

ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి రెండు డిస్కుల నివేదికా నాకు మెయిల్లో వచ్చేలా పెట్టాను. మార్చి 10న మొదటిది వచ్చింది. రెండూ సున్నా శాతం. మేష్టారికి ఫోను చేసి చెప్పాను.

అప్పట్నుంచి అదొక ఆనవాయితీ అయింది. ఆదివారం ఆరుంపావుకి నా ఫోను కోసం ఆయన వసారాలో కూర్చునేవారు. ముందు డిస్కుల సంగతి, తర్వాత ఆ వారం ఎక్కించిన క్యాసెట్ల సంగతి. తొంభై నిమిషాల క్యాసెట్టు ఎక్కించాలంటే తొంభై నిమిషాలూ కూర్చోవాలి, దానికి అడ్డదారి లేదు. ముందు బూజు తుడవాలి, టేపు ఒకసారి చివరికంటా తిప్పి వదులు చెయ్యాలి, టేపు డెక్కు తలకాయ స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దాలి. డెబ్భయ్యేళ్ళు దాటిన మనిషి 2019 సంవత్సరమంతా ఈ పని చేశారు. ఒక్కో క్యాసెట్టు కంప్యూటర్లో దాదాపు ఒక జీబీ. సంక్రాంతి నాటికి 190 క్యాసెట్లూ ఎక్కాయి. మొత్తం 180 జీబీ.

ఆ సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇల్లు బాగుచేయిస్తున్నారు. పెంకులు తీసి శ్లాబు వేయిస్తున్నారు, అటక పోతోంది. ట్రంకుపెట్టె ఎక్కడ పెట్టాలని అమ్మగారు అడిగారు. లోపల క్యాసెట్లకి మళ్ళీ బూజు పట్టింది, ఈసారి టేపు చుట్టలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి.

"ఉంచమంటావేట్రా?" అన్నారు మేష్టారు.

"ఎందుకండీ, రెండు చోట్ల భద్రంగా ఉన్నాయి" అన్నాను నేను.

పాత సామాన్లవాడు తూకానికి పట్టుకెళ్ళాడు. మేష్టారు మొదటి క్యాసెట్టు ఒక్కటి చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డారు. టేపు అప్పటికే ముక్కలై ఉంది. దాన్నీ సంచీలో వేశారు.

మొదటి డిస్కు సంగతి నాకు అప్పుడే కాస్త చికాకు పెడుతోంది. నెలకి రెండున్నర, మూడు శాతం చొప్పున అరుగుతోంది. పాటలు వినేవాళ్ళ డిస్కు అంత అరగదు. అయితే మేష్టారు ఊరికే వినడం లేదు, ఆడాసిటీలో పెట్టి బుసబుస చప్పుడు తీసేస్తున్నారు, గొంతు పైకి తెస్తున్నారు. ఆడాసిటీ మామూలుగా ధ్వనిని 32 బిట్లలో ఉంచుతుంది, అంటే ఒక క్యాసెట్టుకి రెట్టింపు బరువు. ఏ మార్పు చేసినా, వెనక్కి వెళ్ళడానికి వీలుగా పాతదీ ఉంచుకుని కొత్తదీ డిస్కు మీద రాస్తుంది. ఒక్క పాటని పదిసార్లు సరిచేస్తే పదిసార్లు రాసినట్టే. కారణం ఇదేనని నాకు గట్టిగా అనిపించింది.

అయినా నిర్ధారించుకోవాలని చూశాను. పగలు దూరం నుంచి కనెక్టయి ఐఓటాప్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఏ ప్రోగ్రాము ఎంత రాస్తోందో అది క్షణక్షణం చూపిస్తుంది. మేష్టారు పనిచేస్తుంటే ఆడాసిటీ పేరు పైకి లేచేది, ఆయన భోజనానికి లేవగానే పడిపోయేది. ఇంకేదీ కనబడలేదు. రెండు మూడు ఆదివారాలు అలా చూశాక ఆ ఆదివారం ఫోన్లో అన్నాను:

"మేష్టారూ, మీరు పాటల్ని శుభ్రం చెయ్యడం కాస్త తగ్గించాలండి. డిస్కు అరిగిపోతోంది."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "నేనే అరగదీస్తున్నానా?" అన్నారు.

"మరీ అంతని కాదండి. అవసరమైనవాటికే చెయ్యండి."

ఆ వారం నుంచి ఆయన రోజుకి ఒక్క పాటే ముట్టుకున్నారు. తర్వాత అదీ మానేశారు. ఊరికే వింటూ కూర్చునేవారు. 'చప్పుడు ఉంటే ఉందిలే' అనేవారట అమ్మగారితో. అరుగుదల మాత్రం తగ్గలేదు. అంతకుముందు చేసినదాని ప్రభావం కాబోలు అనుకున్నాను. అది తప్పుడు ఊహ అని నాకు తెలిసి ఉండాలి. డిస్కు అలా బాకీ పెట్టుకుని అరగదు.

రెండో డిస్కు మాత్రం నాకు ధైర్యం. 2020 వెళ్ళింది, 2021 వెళ్ళింది, అరుగుదల సున్నా శాతం. అదనపు గదులు నూటికి నూరు. ఒక్క ఎర్రరు లేదు. ఎండాకాలంలో కూడా వేడి 40 దాటదు, మొదటిది 55 ఎక్కి కూర్చునేది. ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే రోజు కొన్నవి. ఒకదానికి అదృష్టం బాగుందనుకున్నాను. 2021 దసరా సెలవుల్లో వాళ్ళింట్లో కూర్చుని ఇదే చెప్పాను మేష్టారికి. వంటింటి గుమ్మంలో గిన్నెలు తోముకుంటూ అమ్మగారు విన్నారు.

"పొయ్యెక్కని గిన్నెకి మసెందుకంటుకుంటాది బాబూ" అన్నారు.

మేము ముగ్గురం నవ్వుకున్నాం. రోజూ రాత్రి రెండింటికి పొయ్యెక్కుతోందండీ అని చెప్పాను నేను.

2022 వేసవిలో పాట ఆగి ఆగి వస్తోందని మేష్టారు ఫోను చేశారు. ఐఓస్టాట్‌తో చూశాను. అందులో డబ్ల్యూ_అవైట్ అని ఒక గడి ఉంటుంది, రాయమని అడిగిన పని పూర్తవడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెబుతుంది. మొదట్లో రెండు మూడు ఉండేది. ఇప్పుడు నలభై, యాభై, ఒక్కోసారి వంద. ఎఫ్‌స్ట్రిమ్ నడిపించాను. మనం తీసేసిన ఫైళ్ళ చోటు ఖాళీ అయిందని డిస్కుకి తెలియజెప్పే ఆదేశం అది. అది తెలిస్తే డిస్కు తన ఖాళీ వేళల్లో ఆ గదుల్ని తుడిచి సిద్ధం చేసుకుంటుంది. వారానికోసారి దానంతట అదే నడుస్తున్నా మళ్ళీ నడిపించాను. కొంచెం తేరుకుంది. పది రోజులకి మళ్ళీ అదే.

ఆగస్టులో అదనపు గదులు తగ్గడం మొదలైంది. 100, 91, 74. సెప్టెంబరు చివర్లో 30. అక్టోబరు 2, ఆదివారం. అరుగుదల 99 శాతం, అదనపు గదులు 8 శాతం. పదికి దిగితే ప్రమాదమని డిస్కు తనకి తాను గీసుకున్న గీత. మూడున్నరేళ్ళలో మొదటిసారి క్రిటికల్ వార్నింగ్ సున్నా కాక 0x01 అని పడింది.

నేను కంగారుపడలేదు. హెచ్చరిక ఇచ్చి పోతున్న డిస్కు మంచి డిస్కు. కొత్తది తెప్పించాను. దసరా అక్టోబరు 5న, తీసుకుని నేనే వస్తానన్నాను.

"ఈలోగా పోతే?" అన్నారు మేష్టారు.

"పోనివ్వండి. రెండోది ఇంకా సున్నా శాతం మీదే ఉంది. కొన్నప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది."

నాలుగో తారీఖు రాత్రి వాళ్ళ ఊళ్ళో వాన, కరెంటు వస్తూ పోతూ ఉంది. ఆ ఊగిసలాటలో కంప్యూటరు రెండుసార్లు ఆగి లేచింది. మూడోసారి లేవలేదు.

దసరా రోజు పొద్దున నేను వెళ్ళేసరికి అమ్మగారు ఆయుధపూజ చేసి కంప్యూటరుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంచారు. పక్కన బంతిపూలు. మేష్టారు ఉతికిన పంచె కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. స్క్రూలు విప్పి పాత మొదటి డిస్కు తీశాను. ఇంకో అడాప్టరుకి పెట్టి చూశాను. ఒక్క చలనం లేదు, అది ఉన్నట్టే కంప్యూటరుకి తెలియడం లేదు. తర్వాత హైదరాబాదులో డేటా బయటికి తీసేవాళ్ళకిచ్చాను. మూడు వారాలుంచుకుని ఏమీ రాదని వెనక్కిచ్చారు. కానీ ఆ పొద్దున నాకు దాని మీద ధ్యాస లేదు. కొత్త డిస్కు పెట్టి, ఉబుంటు వేసి, ఇక బ్యాకప్ తెరవబోయాను.

"ముందు అమ్మ పాట పెట్టు" అన్నారు మేష్టారు.

జాగ్రత్త కోసం, ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే వీలుగా రెండో డిస్కుని మౌంట్ చేశాను. ఒకే ఒక ఫోల్డరు కనిపించింది. 'లాస్ట్ ప్లస్ ఫౌండ్'. పోగొట్టుకున్నవీ దొరికినవీ అని. డిస్కుని ఫార్మాట్ చేసినప్పుడు దానంతట అదే పుట్టే ఫోల్డరు అది. తెరిచాను. ఖాళీ.

ట్యూన్‌టూఎఫ్ఎస్ ఆదేశంతో ఆ డిస్కు చరిత్ర అడిగాను. పుట్టిన తేదీ 2019 మార్చి 9, శనివారం. మౌంట్ అయిన సంఖ్య 0. ఆఖరిసారి మౌంట్ అయిన సమయం: లేదు.

ఆ శనివారం రాసిన ఎఫ్‌స్టాబ్ నకలు నా ల్యాప్‌టాప్‌లో ఉంది. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ డిస్కుకి కొత్త గుర్తింపు సంఖ్య వస్తుంది. నేను ఎఫ్‌స్టాబ్‌లో రాసింది మొదటి ఫార్మాటు నాటి సంఖ్య. కరెంటు పోయి వచ్చాక రెండోసారి ఫార్మాట్ చేసినప్పుడు అది మారింది, ఫైల్లో వరస మారలేదు. కంప్యూటరు లేచినప్పుడల్లా పాత సంఖ్య గల డిస్కు కోసం వెతికేది. దొరికేది కాదు. 'నోఫెయిల్' అని నేనే రాశాను కాబట్టి, తెర మీద ఎవరినీ ఆపకుండా ముందుకు పోయేది.

లినక్సులో రెండో డిస్కుకి గుమ్మం ఒక ఫోల్డరు. డిస్కు అతుక్కుంటే ఆ గుమ్మం దాటగానే రెండో డిస్కులోకి వెళతాం. అతుక్కోకపోయినా గుమ్మం అలాగే కనిపిస్తుంది, దాటితే మాత్రం మొదటి డిస్కులోనే ఉంటాం. ఆ శనివారం నేను తెరిచి చూసుకున్న ఫైలు, ఆ తర్వాత ప్రతి రాత్రి రెండింటికి కట్టిన మూట, అన్నీ మొదటి డిస్కు మీదే పడ్డాయి. రోజుకి 180 జీబీ దాకా. వెయ్యి రాత్రులకు పైగా. అది మొత్తం రాసింది 198 టీబీ, అందులో మేష్టారు పాటలు శుభ్రం చేసుకోవడానికి వాడింది లెక్కలోకి కూడా రాదు. ఆయన రాత్రి పడుకున్నాక రాసేది నా స్క్రిప్టు. నేను ఐఓటాప్ పెట్టుకుని చూసింది పగటిపూట.

మేష్టారికి ఇదంతా చెప్పాను. దాచలేదు. ఆయన అంతా విని, "అయితే నేను అరగదీయలేదన్నమాట" అన్నారు. ఇంకేమీ అడగలేదు. అమ్మగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు. వాట్సాపులో ఎప్పుడో పాత విద్యార్థులకి పంపిన పాటలు పదకొండు దొరికాయి. తిరగలి పాట వాటిలో లేదు.

ఆ రాత్రి తిరుగు రైల్లో నా మెయిల్లోని ఆదివారం నివేదికలన్నీ తెరిచాను. 187 ఉన్నాయి. రెండో డిస్కు నివేదికలో సున్నా శాతానికి రెండు వరసల కింద, ఆ డిస్కు మీద ఇప్పటివరకు ఎంత రాశారో చెప్పే 'డేటా యూనిట్స్ రిటెన్' అనే లెక్క ఉంటుంది. 2019 మార్చి 10న అక్కడ 4,112 అని ఉంది. అంటే రెండు జీబీ, ఫార్మాటుకి సరిపోయేంత. 2022 అక్టోబరు 2న 4,112 అని ఉంది. మధ్యలో 185 ఆదివారాలున్నాయి. అన్నిటిలోనూ 4,112.